కుంకుమ తిన్న కెమెరా

సోలార్ పార్కులో అద్దాలు కడిగే పని ఎండ ముదరకముందే అయిపోవాలి. కాలిన అద్దం మీద నీళ్లు పోస్తే పగులుతుందని మా సూపర్‌వైజరు భయం. అందుకని కోడి కూతకే లేచి, చీర మీద నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని, పొడుగు కర్రకు బిగించిన బ్రష్షు పట్టుకుని వరస తర్వాత వరస తుడుచుకుంటూ పోతాం. ఇంటికి వచ్చేసరికి భుజాలు నావి కావు. ఆ రోజూ అలాగే వచ్చి పంచలో కూలబడ్డాను. చెంబెడు నీళ్లు కావాలా అని కూడా అడగకుండా నా కూతురు ఫోను తెచ్చి ముక్కు ముందు పెట్టింది.

“అమ్మా, ఈ కెమెరా చూడు.”

చూశాను. నల్ల తోలు, వెండి రంగు అంచు, మూల మీద రీలు తిప్పే చిన్న మీట. మా ఆయన పాత కెమెరాకు తోడబుట్టినట్టుంది.

“ఎవురు అమ్ముతాండారు? పాపం, ఇంకెవురన్నా స్టూడియో మూసేసినారా?”

“పాతది కాదుమా. కొత్తదే. రీలు ఏసేదే, ఇప్పుడు తయారు చేసినారు. పాతదాని మాదిరి ఉండల్లని అట్ల చేసినారు. రెట్రో అంటారు.”

“పాతదాని మాదిరి కావల్లంటే పాతదే ఉండాది గదా బీరువాలో! కొత్తది చేసి దానికి ముసలి యేషం ఏసేదేంది? పడుచోడు తాత పంచె కట్టుకోని పెండ్లికి పోయినట్ల.”

“బీరువాలోది పన్జేయల్యామా. నిన్న తీసి చూసినా. మీట కదల్లేదు.”

నా నోరు మంచిది కాదు. అలసట మీద ఉంటే అస్సలు మంచిది కాదు. “నువ్వు బలం పెట్టి చెడగొట్టింటావు” అని కూతుర్ని తిట్టేశాను. మంచం మీదున్న మా ఆయన మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయనకు వినపడకపోవడం కాదు. వినపడింది కాబట్టే తిరిగాడు.

మా ఆయన ఫోటోగ్రాఫరు. నాగలమడికలో బస్సులు ఆగే చోట ఒక గదిలో ఇరవై ఏళ్లకు పైగా స్టూడియో నడిపాడు. ఆ బరువైన కెమెరా మెడలో వేసుకుని మొదట సైకిలు మీద, తర్వాత మోటారుబండి మీద చుట్టుపక్కల ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా వెళ్లేవాడు. రీళ్ల కాలం పోయి డిజిటల్ వచ్చాక అదీ ఒకటి కొన్నాడు. సోలార్ వాళ్లు భూములు లీజుకు తీసుకునేటప్పుడు వల్లూరు, రాయచెర్లు రైతులందరికీ కాగితాల మీద అంటించడానికి ఫోటోలు కావాల్సి వచ్చాయి. మా స్టూడియోకు అదే ఆఖరి గిరాకీ. ఆ కాగితాల్లోనే మా చెనిక్కాయ చేను కూడా అద్దాల కిందికి పోయింది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. స్టూడియో మూతపడింది, డిజిటల్ కెమెరా అమ్ముడుపోయింది.

మూడేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట నెమ్మదించింది. కుడి చెయ్యి ఎత్తితే వణుకుతుంది. కాలు మాత్రం దేవుడి దయవల్ల నిలబడింది. అయినా మనిషి మంచం దిగడు. పావగడలో వ్యాయామం చేయించే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి గట్టిగానే చెప్పింది. “కాలు బాగానే ఉండాదమ్మా. నడిచేకి ఆయనకే మనసు లేదు. ఇట్లే పండుకోనుంటే ఉన్న కాలు కూడా పోతాది. ఆయనకు ఇష్టమైన పని ఏదన్నా చేతికియ్యండి.”

ఇచ్చాం. పిసకమని రబ్బరు బంతి ఇస్తే మంచం కిందికి దొర్లించాడు. ఒలవమని చెనిక్కాయలు ఇస్తే చాటతో సహా పక్కన పెట్టాడు. కూతురు తన ఫోను ఇచ్చి ఫోటోలు తీయమంటే, తెర మీద వేలు రెండుసార్లు జారి, “ఇది తీసేది కాదు... తాకేది” అని వెనక్కిచ్చేశాడు. నేను అరిచాను, ఏడ్చాను, మొక్కుకున్నాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. కాబట్టి ఆ రోజు ఫోనులో కూతురు చూపించింది నాకు కెమెరాలా కనిపించలేదు. ఉన్న కాలైనా మిగలడానికి చివరి దారిలా కనిపించింది. అయితే ఆ దారి కొత్తదానిలో ఉందా పాతదానిలో ఉందా అన్నదే మా తల్లీ కూతుళ్ల తగవు.

కూతురిది పార్కు ఆఫీసులోనే ఉద్యోగం. నేను తుడిచిన అద్దాలు ఎంత కరెంటు ఇచ్చాయో అది చల్లటి గదిలో కూర్చుని కంప్యూటర్లో చూసి రాస్తుంది. దానికి కొత్తవంటే నమ్మకం. నాకు ఇనుమంటే నమ్మకం. “ఇరవై యేండ్లు పన్జేసిన వస్తువు. బాగు చేయిస్తే మళ్ల ఇరవై యేండ్లు పన్జేస్తాది. కొత్తదానికి గ్యారంటీ ఎన్నాళ్లు?” అంటే “ఒక సంవత్సరం” అంది. “ఒక సంవత్సరమా! మేక కూడా అంతకన్నా ఎక్కువ బతుకుతాది గదే!” అన్నాను. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అది. నేనూ అదే రకమని మా ఆయన అంటాడు. చివరికి, ముందు పాతదాన్ని హిందూపురంలో చూపించి రావాలి, అది కాకపోతే అప్పుడు మాట్లాడుకుందాం అని తేల్చాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పాత కెమెరా అంటే నాకు ఎప్పుడూ పడేది కాదు. దాన్ని నా సవతి అనేదాన్ని. పెళ్లిళ్ల కాలంలో ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు, ఉన్నప్పుడు దాన్ని తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ తుడిచే శ్రద్ధలో వీసమెత్తు చేను మీద పెట్టుంటే బాగుపడేవాళ్లమని రోజూ దెప్పేదాన్ని. కానీ ఆయుధపూజ నాడు మాత్రం ఆ సవతికి నేనే పూజ చేసేదాన్ని. మా వైపు ఆ రోజు అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ మొక్కుతాం. నాగలికి, బండికి, బోరు మోటారుకు, కుట్టుమిషనుకు. పీట మీద ఎర్ర గుడ్డ పరిచి కెమెరాను కూర్చోబెట్టి, పైన, కింద, అద్దం చుట్టూ, రీలు తిప్పే మీట దగ్గర అడ్డంగా విభూతి రాసి, పసుపు చల్లి, కుంకుమ అద్దేదాన్ని. చిటికెడుతో నాకు తృప్తి ఉండేది కాదు. లక్ష్మి కదా, దండిగా పెట్టాలి.

పూజ అయ్యాక ఆ వస్తువును ఒక్కసారన్నా ఆడించాలి. బండిని స్టార్టు చేస్తారు, మోటారు ఒక్క నిమిషం వేస్తారు. మా ఆయన కెమెరా ఎత్తి, హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ నా వైపు తిప్పి ఒక్కసారి నొక్కేవాడు. పెళ్లయిన మొదటి ఏడాది నిజంగానే రీలు ఉండగా నొక్కబోయాడు. అంతే, నేను ఇల్లు పీకి పందిరేశాను. “ముప్పై ఆరు బొమ్మల్లో ఒకటి నా మొగానికి తగలేస్తావా! రేపు పెండ్లోళ్లకు ఒకటి తక్కువైతే యాడ తెచ్చి ఇస్తావు?” అన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ పూజకు ముందే రీలు తీసి పక్కన పెట్టేవాడు. ప్రతి ఏడూ నొక్కేవాడు. “రీలు పాడు చేస్తాండావా?” అని నేను అరిచేదాన్ని. “రీలు లేదులేవే. ఊరికే” అనేవాడు. అందుకే వేల మందికి ఫోటోలు తీసిన మనిషి పెళ్లానికి పెళ్లి గుంపు ఫోటో, ఆధార్ కార్డు మీద దొంగలాంటి మొహం తప్ప ఇంకో ఫోటో లేదు. తప్పు ఎవరిదని అడిగితే నాదే.

సెలవు రోజున కెమెరాను తువ్వాలలో చుట్టుకుని పావగడ వెళ్లి, అక్కడ హిందూపురం బస్సెక్కాను. దారిలో రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద అక్షరాలు మారతాయి, ఎండ మాత్రం మారదు. మా ఆయన ఎప్పుడూ చెప్పే రిపేరు దుకాణం ఇంకా ఉంది. ఒకప్పుడు కెమెరాలు మాత్రమే విప్పిన ముసలాయన ఇప్పుడు గోడ గడియారాల మధ్య కూర్చుని ఉన్నాడు. తువ్వాల విప్పగానే కెమెరాను ముందు వాసన చూశాడు. తర్వాత కంటికి అద్దం పెట్టుకుని అడుగురేకు మరలు తీశాడు.

“ఏమ్మా, దీనికి బొట్టు పెట్టేది ఎవురు?”

“నేనే” అన్నాను. కాస్త గర్వంగానే అన్నాననుకుంటాను.

ఆయన తెల్ల కాగితం పరిచి, దాని మీద కెమెరాను బోర్లించి, మూడు వేళ్లతో తట్టాడు. కాగితం మీద ఎర్రగా రాలింది.

“తుప్పా?”

“తుప్పయితే బాగుండు. కుంకుమ.” సూదితో లోపల్నించి ఇంకొంచెం తీశాడు. నూనెలో కలిసి ముద్దలా వచ్చింది. “లోపల నల్లగుడ్డ తెరలుంటాయమ్మా. అవి జరిగితేనే బొమ్మ పడేది. కుంకుమ, విభూతి దూరి ఈ తెర చినిగిపోయింది, పళ్లచక్రాలు పట్టేసినాయి. దేవుని గుళ్లో కూడా ఇంత కుంకుమ ఉండదు.”

బతుకంతా ఏం చేస్తున్నాను నేను? అద్దం మీద దుమ్ము పడితే కరెంటు పోతుందని తెల్లారకముందే లేచి తుడుస్తున్నాను. ఇంట్లో ఉన్న అద్దంలోకి నా చేత్తో నేనే దుమ్ము పోశాను.

ముసలాయన నా మొహం చూడకుండా తన పని తను చేసుకుంటూ ఉన్నాడు. “ఒక్కటే చిత్రంగా ఉండాది,” అన్నాడు. “ఇన్నేండ్లు పూజ చేసిన కెమెరా ఎప్పుడో పోవల్ల. పోలేదు. ఈడ చూడు, మూలమూలకూ కుంచె పెట్టి తీసిన గుర్తులు. ఎవురో ఏటేటా ఇప్పి శుభ్రం చేసినారు. పని బాగా తెలిసినోళ్లే. ఈ ఆఖరి రెండు మూడేండ్లది మాత్రం ఎవురూ తీయల్యా. అదే మందంగా పేరుకోని దీన్ని చంపింది.”

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పండగ మరుసటి రోజు ఆయన స్టూడియో తెర వెనక గంటలు గంటలు కూర్చునేవాడు. బయట మనుషులు కాచుకున్నా లేచేవాడు కాదు. “లోపల గోడతో కాపురం చేస్తాండావా?” అని ఎన్నిసార్లు అరిచానో. ఆయన నేను పెట్టిన కుంకుమ తీస్తున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా, ప్రతి ఏడూ, ఒక్క మాట అనకుండా.

ఆ ఆఖరి మూడేళ్లది ఎందుకు మందంగా ఉందో ముసలాయనకు తెలియదు. నాకు తెలుసు. ఆయన చెయ్యి పడిపోయాక, ఆ చెయ్యి బాగు కావాలని, పీట మీద కెమెరాకు పిడికెళ్లతో పెట్టాను. చెయ్యి బాగు కాలేదు, ఆ చేత్తో తీసేవాళ్లు లేక కెమెరా కూడా పోయింది.

“ఇట్లాంటిదే ఇంకొక పాతది ఉంటే ఈయప్పా” అన్నాను. ఆయన అద్దాల బీరువాలో నుంచి అచ్చం అలాంటిదే తీశాడు. ఎవరో చనిపోయిన ఫోటోగ్రాఫరుదట. నా ఎదురుగానే అడుగురేకు తీసి తట్టాడు. ఈసారి కాగితం మీద పచ్చగా రాలింది.

“వాళ్లింట్లో పసుపు ఎక్కువేమో,” అని నవ్వాడు. “ఈ చుట్టుపక్కల ఏ పాత కెమెరా ఇప్పినా ఇంతేనమ్మా. మనోళ్లు మొక్కి మొక్కి చంపినారు.”

“అయితే కొత్తది మేలంటావా? పాతదాని యేషంలో వస్తాండాయంట గదా.”

“అది చెడిపోతే నా దగ్గరికి తేవద్దు. ఇప్పేకి సందే ఉండదు, పారేయల్ల. పాతదాన్ని ఇప్పొచ్చు, లోపలికి ఏసేకి సామాను దొరకదు. రెండూ అంతే. ఇంతకీ ఎవురికి?”

చెప్పాను. కుడి చెయ్యి అనగానే ఆయన నవ్వు ఆపి, పసుపు కెమెరాను నా ఎడమ చేతిలో పెట్టాడు. “ఒక్క చేత్తో కంటి దగ్గర పట్టుకోమ్మా. నూరు లెక్కపెట్టు.” రోజంతా పొడుగు కర్ర ఎత్తే చెయ్యి నాది. నలభై దాటకముందే మణికట్టు వణికింది. దించేశాను. ఆయన మా కెమెరాకు మళ్లీ మరలు బిగించి, కాగితం మీది కుంకుమ వైపు చూసి, “ఇది పారేసేదా?” అన్నాడు. వద్దని పొట్లం కట్టించుకున్నాను.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ రోజు తిరుగు బస్సులో నాకు కొత్తా పాతా రెండూ రోతగానే ఉన్నాయి. అన్నిటికన్నా రోతగా నేను ఉన్నాను. ఎవరి మీదన్నా అరవకపోతే గుండె పగిలేలా ఉంది. ఇంట్లోకి అడుగు పెడుతూనే మంచం మీది మనిషి మీద పడ్డాను.

“ఏమయ్యా! నోట్లో నాలుక లేదా నీకు? కుంకుమ పోయి లోపల దూరుతాండాదని ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయె? దొంగమాదిరి తెర ఎనక కూచోని తుడుస్తావా? నా చేత్తోనే నీ బువ్వ కుండ పగలగొట్టిస్తావా?”

ఆయన లేచి కూర్చున్నాడు. కూతురు గడపలో నిలబడి చూస్తోంది.

“చెప్తే... నువ్వు పెట్టేది మానేస్తావు గదా.”

“మానేస్తే ఏమి?”

“ఏడాదంతా దాన్ని తిట్టేదానివి. ఒక్క దినం మొక్కేదానివి.” ఊపిరి తీసుకున్నాడు. “ఆ ఒక్క దినం... నేనెందుకు పోగొట్టుకోవల్ల?”

వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించకుండా దాని ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని వచ్చి కూతురితో, “ఆ ముసలి యేషం కెమెరా తెప్పీ. తేలిగ్గా ఉంటాదా, ముందు అది కనుక్కో” అన్నాను.

తేలిగ్గానే ఉంది. వచ్చాక చేతిలోకి తీసుకుంటే సబ్బుపెట్టెలా అనిపించి మళ్లీ నోరు ఊరుకోలేదు. “ఇది కెమెరానా, బొమ్మల కొలువులో పెట్టే బొమ్మనా?” అన్నాను. దాంట్లో దూరం సరిచూసుకోవడానికి పెద్ద లెక్కలేమీ లేవు. అద్దం చుట్టూ ఒక మనిషి, ఇద్దరు మనుషులు, కొండ అని బొమ్మలు గీసి ఉన్నాయి, వాటి మీదికి తిప్పుకోవడమే. మామూలు రీలే వేస్తారు కానీ ఒక బొమ్మ పట్టే చోట రెండు పడతాయట. ముప్పై ఆరు బొమ్మల రీలుకు డెబ్బై రెండు. అది వినగానే మా ఆయన తల ఎత్తాడు.

కూతురు కెమెరాను ఆయన ఒళ్లో పెట్టింది. నొక్కే బటన్, మీట రెండూ కుడి వైపే ఉన్నాయి. కుడి చెయ్యి దాని మీదికి వెళ్లి వణికి జారిపోయింది. అయిపోయింది, మళ్లీ గోడ వైపు తిరుగుతాడు అనుకున్నాను. తిరగలేదు. కెమెరాను ఎడమ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, తలకిందులు చేశాడు. బటన్ ఎడమ చేతి వేలి కిందికి వచ్చింది.

“నాయనా, తిరగబడింది!” అంది కూతురు.

“పడనీ. బొమ్మ తిరగబడితే... కాగితం తిప్పుకుంటాం.”

మూడేళ్లలో ఆయన జరగబోయే పని గురించి మాట్లాడడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను.

ఆ తర్వాతి వారమే ఆయుధపూజ వచ్చింది. పొద్దున పార్కులో పూజ. నీళ్ల ట్రాక్టర్లకు బూడిద గుమ్మడికాయ కొట్టాం, బ్రష్షులకు బొట్లు పెట్టాం. ఆడవాళ్లమంతా అలవాటు కొద్దీ ప్రతి వరసలో మొదటి అద్దానికి పసుపు కుంకుమ పెట్టాం. సూపర్‌వైజరు తల కొట్టుకుని, “రేపు మీరే కడగల్ల!” అన్నాడు. ప్రతి ఏడూ అంతే, మేమే పెడతాం, మర్నాడు మేమే కడుగుతాం. ఆ మాటకు ఎప్పుడూ నవ్వే నాకు ఈసారి నవ్వు రాలేదు. నారింజ జాకెట్టు కూడా విప్పకుండా ఇంటికి వచ్చేశాను.

పీట మీద రెండు కెమెరాలు పెట్టాను. పాతదానికి ఎప్పటిలా దండిగానే పెట్టాను. దానికి ఇంక పోయేదేముంది? హిందూపురం పొట్లంలోని కుంకుమ కూడా దానికే అద్దాను. కొత్తదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

“పెట్టవే,” అన్నాడు మంచం మీంచి.

“వద్దులేప్పా. దూరం నుంచే మొక్కుతాలే.”

ఆయన మంచం దిగాడు. ఒకటి, రెండు, ఐదడుగులు. పీట దగ్గరికి వచ్చి, కెమెరాకు వేలాడే పట్టీని ముందుకు లాగి, “దీనికి పెట్టు” అన్నాడు. గంధం తడిపి, కుంకుమ కలిపి, రాలకుండా ఆ పట్టీకి ఒక్క చుక్క పెట్టాను. హారతి ఇచ్చి పళ్లెం పట్టుకుని లేచాను. ఆయన ఎడమ చేత్తో కెమెరాను తలకిందులుగా కంటికి ఎత్తాడు.

“రీలు పాడు—” నోరు దానంతటదే తెరుచుకుంది. టక్కుమని నొక్కాడు.

“రీలు ఉండాది,” అన్నాడు.

జాకెట్టు మీద నీళ్ల మరకలు, రేగిన జుట్టు, మొహం మీద చెమట. ముప్పై ఏళ్లలో మొదటిసారి రీలు ఉన్నప్పుడు నేను అలా ఉన్నాను. ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదా అని తిట్టబోయి, చెప్తే నేనేం చేసేదాన్నో గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ బొమ్మ ఎలా వచ్చిందో చూడాలంటే రీలు అయిపోవాలి. ఇంకా డెబ్బై ఒకటి తీయాలి. మంచం మీంచి కనిపించేవి నాలుగో ఐదో ఉంటాయి, అవి రెండు రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు ఆయన కర్ర పట్టుకుని వాకిలి దాటాడు. తర్వాత పార్కు కంచె దాకా వెళ్లాడు. ఒకప్పటి మా చేను ఎదురుగా నిలబడి, అద్దాల నీడలో మేస్తున్న గొర్రెలను తీశాడని అవి మేపే మనిషి వచ్చి చెప్పాడు. ఒక రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆయన షేర్ ఆటో ఎక్కి ఒక్కడే నాగలమడిక వెళ్లి, మూసి ఉన్న స్టూడియో తలుపు ఫోటో తీసుకుని వచ్చాడు. రోడ్డు మీదే నిలబెట్టి తిట్టాను. తిడుతుంటే “ఇంకా తొమ్మిది ఉండాయి” అన్నాడు.

రీలును కూతురు బెంగళూరుకు కొరియర్లో పంపింది. అక్కడ రీలు కడిగినవాళ్లు బొమ్మలు దాని ఫోనుకే పంపించారు. ముగ్గురం మంచం మీద కూర్చున్నాం. మొదటి బొమ్మ వచ్చింది.

ఎర్ర గుడ్డ కనిపిస్తోంది. పీట, పాత కెమెరా కనిపిస్తున్నాయి. నారింజ జాకెట్టు, హారతి పళ్లెం, పళ్లెం పట్టుకున్న నా చేతులు, మెడ దాకా నేను. మెడ పైన ఏమీ లేదు. తల తెగిపోయింది.

ఆయన మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను. వేల తలలు తీసిన మనిషి. “చెయ్యి... జారింది” అని ఫోను పక్కకు నెట్టేశాడు. కూతురు నా వైపు చూసింది. ఆయన కళ్లు మెల్లగా గోడ వైపు వెళుతున్నాయి. ఆ గోడను నేను మూడేళ్లుగా చూస్తున్నాను. ఇప్పుడు అటు తిరిగాడంటే మళ్లీ ఇటు తిరగడు.

“బాగానే చేసినావులే,” అన్నాను. “ముప్పై యేండ్లు ఈ నోరు మూయించలేక, ఇప్పుడు ఏకంగా తలే తీసేసినావా?”

ఆయన భుజాలు కదిలాయి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నవ్వు ఒక వైపే వస్తుంది. ఆ ఒక్క వైపే నవ్వాడు.

“ఇంకొక రీలు ఉండాదా?” అని కూతుర్ని అడిగాను. ఉందంది. నేను లేచి మొహం కడుక్కున్నాను. తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని, వాకిట్లో ఎండ పడే గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు.

“రీలు పాడయితే?” అన్నాడు.

“పాడు కానీ,” అన్నాను. “తల వచ్చేదాకా తీయి.”